రాయి కరగాలంటే

అందరికీ నమస్కారం. ఇలాంటి సభల్లో సంగీతం తెలిసినవాళ్లు ముందు వరసల్లో, సినిమా పిచ్చివాళ్లు వెనక వరసల్లో కూర్చుంటారు. నేను వెనక వరస మనిషిని. రాగం దగ్గర ఎక్కడైనా తప్పటడుగు వేస్తే ముందువాళ్లు చిన్నగా దగ్గండి, సర్దుకుంటాను.

మాయలూ మంత్రాలూ ఉన్న సినిమాల్లో శాస్త్రీయ సంగీతం ఎక్కడిదాకా పనిచేస్తుందో చూడ్డానికి నాకో పరీక్ష ఉంది. పాట తీసేస్తే కథ ఆగుతుందా? చాలా జానపదాల్లో ఆగదు. రాకుమారి తోటలో పాడుతుంది. ఆ పాట కత్తిరించి పారేసినా మాంత్రికుడు రావడానికీ, ఆవిణ్ణి ఎత్తుకుపోవడానికీ అడ్డేం లేదు. నేను మాట్లాడబోయేది సంగీతమే మాయ చేసే సినిమాల గురించి. అలాంటివి తక్కువ.

1940 నవంబరులో న్యూయార్క్‌లో విడుదలైన డిస్నీ వారి 'ఫాంటాసియా' అందులో ఒకటి. నిజానికి ముందు అనుకున్నది మిక్కీ మౌస్‌తో ఓ చిన్న బొమ్మల సినిమా. ఫ్రెంచి స్వరకర్త పాల్ డ్యుకా 1897లో కట్టిన 'మాంత్రికుడి శిష్యుడు' అనే వాద్యకృతిని వాద్యబృంద నిర్వాహకుడు లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ నడిపిస్తాడు, దానికి బొమ్మలు గీస్తారు. అంతే. కానీ ఖర్చు తడిసి మోపెడైంది. చిన్న సినిమాతో ఆ డబ్బు తిరిగి రాదని తేలాక, బాఖ్, చైకోవ్‌స్కీ, బీథోవెన్ వగైరాల కృతులు చేర్చి రెండు గంటల సినిమా చేశారు. బొత్తాం దొరికిందని చొక్కా కుట్టించుకున్నట్టు.

ఆ బొత్తాం మాత్రం బంగారం. కథ మీకు తెలిసే ఉంటుంది. గురువు అటు వెళ్లగానే శిష్యుడు ఆయన టోపీ పెట్టుకుని, నీళ్లు మోయమని చీపురుకి మంత్రం వేస్తాడు. కదిలించే మంత్రం వచ్చు, ఆపే మంత్రం రాదు. జర్మన్ కవి గథే 1797లో రాసిన పద్యం ఇది. డ్యుకా ఆ చీపురు నడకని బాసూన్‌కి అప్పగించాడు. బాసూన్ అంటే నిలువెత్తు చెక్క గొట్టం, సన్నాయిలాగే జంట రెల్లుతో పలుకుతుంది. దాని గొంతులో కాస్త బొంగురు, కాస్త వెటకారం ఉంటాయి. ఆ గొంతు వినగానే కట్టెపుల్ల కాళ్లతో ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది.

నీళ్లు ఇల్లంతా నిండిపోయి, దిక్కుతోచక శిష్యుడు గొడ్డలితో చీపురుని నరుకుతాడు. వాద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. పీడ వదిలిందనుకుంటాం. అప్పుడు అట్టడుగునుంచి కాంట్రాబాసూన్, అంటే బాసూన్ కంటే లోతు గొంతున్న దాని పెద్దన్న, ఓ మూలుగు మూలుగుతుంది. ఇంకోటి. మెల్లగా అదే నడక మొదలవుతుంది. దాని వెనకే బేస్ క్లారినెట్ అనే మరో మంద్రస్వరపు ఊదు వాద్యం అదే వరసని అందుకుంటుంది. నరికింది ఒక్కదాన్ని, లేచినవి రెండు! గథే పద్యంలోనూ రెండే. చెవికి ఈ లెక్క చెప్పడానికి డ్యుకాకి రెండు వాద్యాలు సరిపోయాయి. డిస్నీకి మాత్రం చాలలేదు, ప్రతి పేడూ ఓ చీపురై దండు దిగుతుంది. ఆ దండు అద్భుతమే, కాదనను. కానీ నన్ను అడిగితే కళ్లు మూసుకుని ఆ రెండింటినీ వినమంటాను.

మిగతా భాగాల్లో నాకంత పట్టు లేదు. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ 'వసంత క్రతువు'లో ఆదిమ జాతి బలి తంతు ఉంటే, దానిమీద రాక్షసబల్లులు నడిచాయి. ఆయన అప్పటికి బతికే ఉన్నాడు, తర్వాతి రోజుల్లో ఆ సినిమాని బాగానే తిట్టాడు. బీథోవెన్ ఆరో సింఫనీ మీద సగం గుర్రం సగం మనిషి జంటల సరసాలు వస్తే నేను ముందుకి జరిపేస్తాను. నా చాదస్తం అనుకోండి.

ఇక మన ఇంటికొద్దాం. మన దగ్గర సంగీతం చేసే మాయకి పాత కొలత ఒకటుంది: రాయి కరగడం. హనుమంతుడు గుండక్రియ రాగం పాడితే బండ కరిగిందనీ, నారదుడి వీణ అందులో దిగబడిపోయిందనీ, పాట ఆగాక రాయి మళ్లీ గట్టిపడితే దాన్ని ఊడదీసుకోవడం ఆయన తరం కాలేదనీ పెద్దవాళ్లు చెప్పేవారు. 1961లో కె.వి.రెడ్డి 'జగదేకవీరుని కథ'లో 'శివశంకరీ' పాట ఆ కొలతకి నిలబడాల్సి వచ్చింది, కథలో దానికి రాయి కరగాలి మరి. పింగళి రాశారు, పెండ్యాల దర్బారీ కానడ రాగంలో కట్టారు, ఘంటసాల పాడారు. తెరమీద అయిదుగురు రామారావులు. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు పక్కనే కూర్చుని కచేరీ నడిపిస్తారు.

అయిదుగురు కనబడ్డం కెమెరా పనితనం. రాయి కరగడమూ అంతే. ఘంటసాల గొంతుకి మాత్రం అలాంటి సాయం ఏదీ లేదు. దర్బారీలో గాంధారం, అంటే 'గ', ఒకచోట నిలబడే స్వరం కాదు, బరువుగా ఊగుతూ కిందికి లాగుతుంది. దాన్ని ఊపాల్సినంతే ఊపాలి. కాస్త ఎక్కువైతే గారడీ, తక్కువైతే నీరసం. పాట మామూలుగా ఉండి రాయి కరిగితే హాల్లో జనం నవ్వుతారు. హీరో గొప్ప గాయకుడని సంభాషణలో ఎంత చెప్పించినా లాభం లేదు, అక్కడికక్కడ పాడి చూపించాలి. మాయా దర్పణానికీ మంత్రదండానికీ లేని ఇరకాటం ఇది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. మా ఊరికి వచ్చిన టూరింగ్ టాకీసులో, నాకు తొమ్మిదో పదో ఏళ్లు, ఈ పాట సగంలో శబ్దం పోయింది. బొమ్మ ఆడుతోంది. అయిదుగురు రామారావులూ ఉన్నారు, నోరు కదులుతోంది, చేతులు కదులుతున్నాయి. అంతకుముందు వాళ్లని చూసి ఈలలు వేసిన జనమే గుడారం పీకేస్తామని లేచారు. మా పెద్దమ్మ ఇసకలో కూర్చుని, "ఒరే, రాయి దేనికి కరుగుతోందిరా?" అని గట్టిగా అరిచింది. ఆపరేటరు దణ్ణం పెట్టి, రీలు వెనక్కి చుట్టి, పాట మళ్లీ మొదట్నుంచీ వేశాడు.

ఆ పాటే ఇప్పుడు మీకు చూపిస్తాం. బాబూ, బొమ్మ సంగతి తర్వాత, ముందు శబ్దం వస్తోందో లేదో చూసుకో.