ఆర్‌సీలో పేరు

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, నా పూర్వ సహోద్యోగులకు, విద్యార్థినులకు నమస్కారం. ఈ కళాశాలలో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన నన్ను మీ బండ్ల షెడ్డు ప్రారంభానికి పిలిచి, స్కూటరు చరిత్ర గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. పది నిమిషాల్లో ముగిసిన పాఠం నా సర్వీసులో ఒక్కటీ లేదు కనుక, వేదిక మీది పెద్దలను పేరుపేరునా సంబోధించే పని మానుకుని నేరుగా విషయంలోకి వస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఇటలీలోని పాంతెదేరాలో పియాజియో సంస్థ వారి విమాన కర్మాగారం బాంబుదాడులకు శిథిలమైపోయి ఉంది. ఓడిన దేశంలో మళ్లీ విమానాల వ్యాపారం సాగేటట్టు లేదు. చేతిలో డబ్బు లేని జనానికి మాత్రం చౌకగా తిరిగే బండి కావాలి. యజమాని ఎన్రికో పియాజియో ఆ పనిని కొరాదీనో దాస్కానియో అనే ఇంజనీరుకు అప్పగించాడు. హెలికాప్టర్లు రూపొందించిన ఆయనకు మోటారు సైకిలంటే బొత్తిగా గిట్టదు: చైను మడ్డి బట్టలకు అంటుతుంది, టైరు విప్పడం పెద్ద యాతన, ఎక్కాలంటే కాలెత్తి అవతలికి వేయాలి. అందుకని ఆయన ఇంజనును వెనక చక్రం పక్కనే అమర్చి చైను తీసేశాడు, గేరును చేతికిచ్చాడు, ముందు చక్రాన్ని విమానం చక్రంలాగా ఒకే పక్క నుంచి బిగించాడు, సీటుకూ హ్యాండిలుకూ నడుమ ఖాళీ జాగా వదిలాడు. 1946 ఏప్రిల్ 23న పేటెంటుకు దరఖాస్తు చేసిన ఆ 98 సీసీ బండిని చూసి యజమాని కందిరీగలా ఉందన్నాడట; ఇటలీ భాషలో కందిరీగను వెస్పా అంటారు. మరుసటి ఏడాదే మిలాన్ నుంచి ఇన్నొచెంతి వారి లాంబ్రెట్టా పోటీకి దిగింది.

ఆ ఖాళీ జాగాను కాస్త గమనించండమ్మా. పాశ్చాత్య స్త్రీ స్కర్టుతో ఎక్కగలిగేలా వదిలిన జాగా అది. మన చీరకు కొలతలు తీసి చేసినట్టే ఉంటుంది. అయినా ఆ బండి మన దేశానికి వచ్చాక దాదాపు మూడు దశాబ్దాలపాటు చీర కట్టిన మనిషిని వెనక సీటు మీద ఒక పక్కకు తిప్పి కూర్చోబెట్టింది. నేను చెప్పదలచినదల్లా ఇదే.

మన దగ్గర 1950లలో బొంబాయిలో లాంబ్రెట్టాలు, 1960ల మొదట్లో పూనాలో బజాజ్ వారి వెస్పాలు తయారయ్యాయి. ఎన్ని బండ్లు చేయాలో లైసెన్సు నిర్ణయించేది, ఎవరికి అమ్మాలో 1960 నాటి నియంత్రణ ఉత్తర్వు నిర్ణయించేది. పియాజియోతో ఒప్పందం 1971లో ముగిసిన తరువాత, రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ వచ్చింది. ఆల్విన్ పుష్పక్ పేరుతో మన హైదరాబాదు నుంచీ స్కూటర్లు వచ్చినా, జనం మాత్రం చేతక్ కోసమే ఏళ్ల తరబడి వేచి ఉన్నారు.

ఆ వేచి ఉన్నవారిలో మా నాన్నగారు ఒకరు. ఇంటిల్లిపాదిలో ఎవరి పేరు ముందు తగిలితే వారిదే అదృష్టమని, 1973లో తన పేరుతో ఒకటి, నా పేరుతో ఒకటి డబ్బు కట్టారు. ఆయన వంతు రానేలేదు. నా వంతు 1981లో, సరిగ్గా నా పెళ్లి మాటలు జరుగుతున్న నెలలో వచ్చింది. అలాట్‌మెంటు ఉత్తరం వచ్చిందన్న కబురు వియ్యాలవారికి మాకంటే ముందే తెలిసినట్టుంది, లాంఛనాల జాబితాలో స్కూటరు చేరిపోయింది. ఆ విధంగా నా పేరుతో వచ్చిన బండి నాతోపాటే అత్తవారింటికి వెళ్లింది. ఆర్‌సీలో పేరు నాది, తాళం చెవి మావారిది. ఆయన మంచివారే, నన్ను ఏనాడూ దింపనన్నది లేదు. నేను నడుపుతానన్నప్పుడు మాత్రం, బండి బరువు, ఇంజను ఒక పక్కకు లాగుతుంది, క్లచ్ పట్టి గేరు తిప్పడం నీ మణికట్టుకు కాదు అనేవారు. పెరటి నూతిలోంచి రోజుకు ఇరవై చేదలు తోడిన మణికట్టు ఇది! మీరే చెప్పండి, క్లచ్ బరువా, చేద బరువా?

1984లో కైనెటిక్ హోండా వచ్చి ఈ వాదన మొత్తానికి సమాధానం చెప్పింది. కిక్ కొట్టక్కరలేదు, మీట నొక్కితే స్టార్టయ్యేది. గేర్లకు బదులు, వేగాన్ని బట్టి వ్యాసం మారే పుల్లీల మీద బెల్టు తిరిగేది. ఇదేమీ కొత్త కిటుకు కాదు, కాలిఫోర్నియాలో సాల్స్‌బరీ స్కూటర్లలో 1930లలోనే ఉన్న ఏర్పాటు. తెలిసిన కిటుకు మనదాకా రావడానికి అర్ధశతాబ్దం పట్టిందంటే, లోపం యంత్రంలో ఉందని నేను ఒప్పుకోను. 1987లో పీఎఫ్ నుంచి అప్పు తీసి నేను ఆ బండి కొన్నాను. మొదటి రోజు దాని మీద కాలేజీకి వస్తే, బండిని గేటు బయట వదిలి రమ్మని అప్పటి పెద్దలు సెలవిచ్చారు. మగ లెక్చరర్ల చేతక్‌లు మాత్రం వేపచెట్టు నీడలోనే ఉండేవి. రెండేళ్లు నా బండి ఎండలో నిలిచింది.

తరువాతి కథ మీకు తెలిసిందే. స్కూటీ వచ్చింది, 2001 ప్రాంతంలో యాక్టివా వచ్చింది, గేర్ల స్కూటరు కనుమరుగైంది. 2009లో స్కూటర్లు చేయడమే మానేసిన బజాజ్ వారు పదేళ్లకు అదే చేతక్ పేరుతో కరెంటు బండి తెచ్చారు. 2016 మొదటి ఆరునెలల్లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన ద్విచక్రవాహనం మోటారు సైకిలు కాదు, యాక్టివా. ఇంట్లో తల్లీ కూతురూ తండ్రీ ముగ్గురూ నడపగల బండికి గిరాకీ రాకుండా ఎలా ఉంటుంది?

రిబ్బను కత్తిరించే ముందు ప్రిన్సిపాల్ గారికి ఒక్క విన్నపం. షెడ్డు ముందు ఆరంగుళాల గట్టు కట్టించారు. స్కూటరు చక్రం చిన్నది. గట్టు ఎత్తు చక్రం వ్యాసార్ధానికి దగ్గరయ్యేకొద్దీ నెట్టడానికి కావలసిన బలం విపరీతంగా పెరుగుతుంది. ఇందాక ఒక పిల్ల బండి ఎక్కించలేక, మళ్లీ గేటు బయటే నిలిపి వచ్చింది. రెండు బస్తాల సిమెంటుతో అక్కడ వాలు కట్టించండి. ఆ రిబ్బను అప్పుడే కత్తిరిస్తాను, అంతవరకు కత్తెర నా సంచిలో ఉంటుంది.