ఒంటరిగా కొండ అడవిలో ట్రెయిల్ బైక్: దిగే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో స్పీడు తక్కువ, కబుర్లు ఎక్కువ. తెల్లారగానే బయల్దేరి, చీకటి పడేలోపు బయటపడే రైడ్ ఇది. కొండలు, అడవి, మట్టిదారుల్లో తిరిగే ఒక ట్రెయిల్ బైక్, నేను. వెనకాల ఇంకో బండి లేదు.

"ఒక్కడివే వెళ్తావు, భయం వేయదా?" అని చాలామంది అడుగుతుంటారు. వేస్తుంది. అయితే నా భయం దారి తప్పుతానేమో అని కాదు. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే, సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. జంతువుల గురించీ అంత కాదు, మూల మలుపుల్లో నెమ్మదిగా పోతే చాలావరకు అవే తప్పుకుంటాయి. నా టెన్షన్ అంతా ఒక్కటే. దిగిన చోటి నుంచి మళ్ళీ పైకి ఎక్కలేకపోతే? గుంపులో ఉంటే నలుగురు కలిసి బండిని లాగుతారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత దూరం వెళ్ళాలో, ఏ వాలు దిగాలో, అన్నీ ఈ ప్రశ్నే తేలుస్తుంది.

ఇదిగో, మట్టిదారి మొదలైంది. ముందుగా రెండు టైర్లలో గాలి తగ్గిస్తున్నాను. రోడ్డు మీద 28 పీఎస్ఐ ఉంది, ఇక్కడ 18కి తెచ్చాను. గాలి తగ్గితే టైరు పరుచుకుని నేలను బాగా పట్టుకుంటుంది. ఇంకా తగ్గిస్తే పట్టు ఇంకా పెరుగుతుంది, నిజమే. కానీ ఇది ట్యూబ్ టైరు. రాయి గట్టిగా తగిలిందంటే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఆ ట్యూబ్ మార్చాల్సింది నేనే కాబట్టి 18 దగ్గర ఆగాను.

ఇక్కడి నుంచి ఎక్కుడు. కాళ్ళు పెట్టుకునే ఫుట్‌పెగ్స్ మీద నిలబడ్డాను, చూడండి. బరువంతా కాళ్ళ మీద ఉంటే బండి కింద దాని పాట్లు అది పడుతుంది, పైన మనం కదలకుండా ఉంటాం. కొమ్మకి వేలాడినట్టు హ్యాండిల్‌ని పట్టుకుంటే గంటలో చేతులు బిగుసుకుపోతాయి. తడి వేర్లు అడ్డం వచ్చినప్పుడు నేరుగా, లంబంగా దాటాలి. వేరు మీద ఉండగా బ్రేకూ వద్దు, థ్రాటిలూ వద్దు.

ఈ షాట్ దగ్గరికి సుమారు వెయ్యి మీటర్లు ఎక్కాం. బండి కాస్త నీరసించినట్టు వినిపిస్తోంది కదా? రిపేరేమీ కాదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, వెయ్యి మీటర్లకి ఇంజిన్ బలం పదో వంతు దాకా తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే పెట్రోలు పాళ్ళు అదే సర్దుకుంటుంది గానీ, పోయిన బలం తిరిగిరాదు. ఉష్ణోగ్రత కూడా అంతే, వెయ్యి మీటర్లకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన బట్టలతోనే పైన గాలిలో కూర్చుంటే వణుకు పుడుతుంది. అందుకే బ్యాగులో పొడి టీషర్టు ఒకటి.

ఇప్పుడు చూపించేది కొంచెం జాగ్రత్తగా చూడండి. ఎక్కుడు మధ్యలో బండి ఆగిపోతే ఏం చేయాలో చూపించడానికి కావాలనే ఆపాను. చాలామంది వెంటనే క్లచ్ నొక్కి, ముందు బ్రేక్ పట్టుకుంటారు. నిటారుగా ఉన్న చోట బరువంతా వెనక చక్రం మీదే ఉంటుంది. ముందు చక్రం బ్రేక్ పట్టినా జారుతుంది, బండి మనతో సహా వెనక్కి వస్తుంది. క్లచ్ వదిలేయండి. ఇంజిన్ ఆగి, బండి గేర్‌లో ఉంటే వెనక చక్రం దాదాపు తాళం వేసినట్టే. ఇప్పుడు నిదానంగా దిగి పక్కన నిలబడ్డాను. హ్యాండిల్ ఒక పక్కకి తిప్పి, క్లచ్ కొంచెం నొక్కుతున్నాను... వెనక్కి జరిగింది. వదిలాను... ఆగింది. ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంది, నా ఎడమ చేతి రెండు వేళ్ళే ఇప్పుడు వెనక బ్రేకు. ఇలా బెత్తెడు బెత్తెడు జరిపితే బండి వాలుకి అడ్డంగా వచ్చేస్తుంది. మనం ఎప్పుడూ పై వైపే ఉండాలి. పడితే బండి కిందికి పడుతుంది, మన మీదికి కాదు.

పడిన బండిని లేపడం కూడా ఇలాంటిదే. చక్రాలు పై వైపు ఉంటే ఎంత బలవంతుడైనా లేపలేడు. పడుకున్న బండినే నేల మీద తిప్పి, చక్రాలు పల్లం వైపు పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

వాగు చిన్నదే, మోకాలు లోపు. ముందు నడిచి చూసి తర్వాత దాటాను. నీళ్ళలో ఇంజిన్ ఆగి, అది గాలి పీల్చుకునే చోటికి నీళ్ళు చేరాయని అనుమానం వస్తే స్టార్టర్ మాత్రం నొక్కకండి. నీరు గాలిలా కుదించుకోదు, ఇంజిన్ లోపల పిస్టన్‌ని కదిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒడ్డుకి తోసుకొచ్చి, స్పార్క్ ప్లగ్ తీసి, నీళ్ళు బయటికి కొట్టించాకే స్టార్ట్ చేయాలి.

ఇక అసలు చోటు. కెమెరాలో వాలు ఎప్పుడూ చదునుగానే కనిపిస్తుంది, నమ్మకండి. కింద వదులు రాళ్ళు, మధ్యలో వాన నీరు కోసిన గాడి. మ్యాప్ ప్రకారం దారి ఇటే. దిగడం నాకు వచ్చు. మొదటి గేరు, క్లచ్ ముట్టుకోకుండా ఇంజిన్‌తోనే ఆపుకుంటూ, ముందు బ్రేక్ మీద ఒక వేలు. వెనక ఏబీఎస్, అంటే బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఇలాంటి వదులు నేల మీద ఏబీఎస్ మాటిమాటికీ బ్రేక్ వదిలేస్తుంది, బండి ఆగదు. చాలా బండ్లలో తాళం తిప్పి మళ్ళీ ఆన్ చేస్తే ఏబీఎస్ కూడా ఆన్ అయిపోతుంది, అదొక తిరకాసు.

బండి పైనే పెట్టి కింద దాకా నడిచాను. తిరిగి పైకి వచ్చేటప్పుడు నా బూట్లు రెండుసార్లు జారాయి. నా కాళ్ళకే పట్టు దొరకని చోట, సుమారు 140 కిలోల బండికి దొరుకుతుందా? అటు చివర దారి తెరిచే ఉందని కూడా గ్యారంటీ లేదు, ఒక్క చెట్టు విరిగిపడితే చాలు. ట్యాంకులో మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ముట్టుకోకుండా అనేది నా లెక్క. ఆ మొదటి వంతు కూడా దాదాపు అయిపోయింది. మధ్యాహ్నం అయింది, లోయలో ఎండ సూర్యాస్తమయం కంటే చాలా ముందే పోతుంది. వెనక్కి తిప్పేశాను. వీడియోకి మంచి షాట్ పోయింది, పోనీండి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు వెళ్ళే దారి, తిరిగొచ్చే టైము ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి. శాటిలైట్ ద్వారా ఎస్ఓఎస్ పంపే పరికరం ఉంటే మరీ మంచిది. కొన్ని దేశాల్లో వాటికి అనుమతి కావాలి, కొనేముందే తెలుసుకోండి. ఉన్నా బ్యాగులో కాదు, ఒంటి మీద పెట్టుకోండి. కాలు బండి కింద ఇరుక్కుంటే బ్యాగు అందదు.

రోడ్డు దగ్గరికి వచ్చేశాం. గాలి మళ్ళీ 28కి కొట్టాలి, ఏబీఎస్ ఆన్ చేయాలి. సిగ్నల్ రాగానే ఇంటికి ఫోన్ చేయాలి, లేకపోతే చెప్పిన టైము దాటగానే వాళ్ళు నన్ను వెతకడం మొదలుపెడతారు.