పైక్యూటీతో చేసిన సాఫ్ట్‌వేర్ అమ్మేముందు ఈ ఒక్క వరుస చూడండి

నమస్తే అండీ. పైథాన్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేశారు, దాని విండోలు, బటన్లకి పైక్యూటీ అనే లైబ్రరీ వాడారు, మెడికల్ షాపాయన కొంటానన్నారు. మంచిదే. ఆయన కంప్యూటర్లో ఎక్కించేముందు ఐదు నిమిషాలు నాతో కూర్చోండి.

టెర్మినల్లో ‘పిప్ షో పైక్యూటీ5’ అని కొడుతున్నాను. ఇదిగో, లైసెన్స్ అన్నచోట చూడండి: జీపీఎల్ వీ3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్. చాలామంది ఇక్కడిదాకా రారు. ఫ్రీగా వచ్చింది కదా అని అమ్మేస్తారు. అమ్మకూడదని జీపీఎల్ అనదు, డబ్బులు తీసుకోవచ్చు. కాకపోతే కొన్నవాళ్లకి మీ సోర్స్ కోడ్ కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఆయన దాన్ని పక్క షాపుకి ఊరికే ఇచ్చినా మీరు కాదనలేరు.

కోడ్ ఇవ్వడం ఇష్టం లేదా? పైక్యూటీ కమర్షియల్ లైసెన్స్ కొనుక్కోవచ్చు. లేదంటే అదే పని చేసే పైసైడ్6 లైబ్రరీకి మారండి, అది ఎల్‌జీపీఎల్ కింద దొరుకుతుంది, అంటే మీ సొంత కోడ్ ఇవ్వక్కర్లేని, కాస్త సడలించిన జీపీఎల్. అసలు పైసైడ్ పుట్టిందే ఈ లైసెన్స్ గొడవతో. ఈ రెండిటికీ అడుగున ఉండేది క్యూటీ అనే టూల్‌కిట్, అప్పట్లో అది నోకియాది. పైక్యూటీని ఎల్‌జీపీఎల్ కింద ఇవ్వడానికి దాని తయారీదారులతో ఒప్పందం కుదరక, 2009లో నోకియా సొంతంగా దీన్ని తెచ్చింది. కోడ్‌లో మార్పులు ఎక్కువ ఉండవు: ఇంపోర్ట్ వరుసలు, ‘పైక్యూటీసిగ్నల్’ ఉన్నచోట ‘సిగ్నల్’, ఇంకొన్ని చిన్న సర్దుబాట్లు.

ఎల్‌జీపీఎల్‌కీ షరతులున్నాయండీ. క్యూటీ వాడామని చెప్పాలి, లైసెన్స్ కాపీలు జతచేయాలి, మీరిచ్చిన క్యూటీ వెర్షన్ సోర్స్ వాళ్లకి అందేలా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, కొన్నవాళ్లు ఆ క్యూటీని తీసేసి వేరే క్యూటీ పెట్టుకోగలగాలి. మీ అగ్రిమెంట్ అందుకు అడ్డుపడకూడదు.

దీన్ని ఫోల్డర్లోనే చూపిస్తాను. ప్రోగ్రామ్‌ని వేరే కంప్యూటర్లో నడిచేలా ప్యాక్ చేసే పైఇన్‌స్టాలర్‌లో ‘వన్‌ఫైల్’ పెడితే అన్నీ ఒకే ఫైల్లో చుట్టేస్తుంది, క్యూటీని విడిగా మార్చడం కష్టం. ‘వన్‌డిర్’ పెట్టాను చూడండి, ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్లో విడివిడిగా వస్తాయి. డిస్ట్ అనే ఫోల్డర్లో మన ప్రోగ్రామ్, పక్కన ‘ఇంటర్నల్’, దాంట్లో పైసైడ్6. క్యూటీ లైబ్రరీ ఫైలు, అంటే క్యూటీ6కోర్ డీఎల్ఎల్, విడిగా, కళ్లముందే ఉంది. ఒక ఫైలుగా ఇస్తే చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. అయినా అమ్మే సరుక్కి నేను వన్‌డిరే పెడతాను.

ఇక నెలవారీ అమ్మకాల గ్రాఫ్. దీనికోసం ‘క్యూటీచార్ట్స్’ వాడారా? అది పైసైడ్‌తోనే వస్తుంది, కానీ ఎల్‌జీపీఎల్ కాదు. జీపీఎల్, లేదా కమర్షియల్. అంటే అంత కష్టపడి మారి, ఒక్క గ్రాఫ్ దగ్గర మళ్లీ మొదటికొస్తారు. గ్రాఫ్ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గీయండి, సోర్స్ ఇమ్మని అది అడగదు. వీడియో ఇక్కడే ఆపి, మీ ప్రాజెక్టులో ‘క్యూటీచార్ట్స్’ అని వెతకండి.