గుంటూరు డాక్టరమ్మ మేరీ గ్లౌరీ
(కడపలో నర్సింగ్ విద్యార్థినుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ట్యూటర్ మేడమ్‌లకు, నైట్ డ్యూటీ దిగి నిద్ర ఆపుకుంటూ కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఇలాంటి సభల్లో కన్యస్త్రీల గురించి మాట్లాడమంటే త్యాగం, కరుణ, కొవ్వొత్తి అని మొదలుపెడతాం. డాక్టర్ మేరీ గ్లౌరీని కూడా అలా దండ వేసి వదిలేస్తే ఆమె చేసిన పనిలో సగం కూడా చెప్పినట్టు కాదు. ఆమె ముందు మంచి డాక్టరు.

1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో పుట్టారు. 1910లో మెల్‌బోర్న్‌లో వైద్యవిద్య పూర్తిచేశారు. లేడీ డాక్టర్లకు ఉద్యోగాలివ్వడానికి ఆసుపత్రులు వెనకాడే కాలం కావడంతో, న్యూజిలాండ్ వెళ్లి క్రైస్ట్‌చర్చ్ ఆసుపత్రిలో పనిచేశారు. తిరిగొచ్చి మెల్‌బోర్న్‌లో సొంత ప్రాక్టీసు పెట్టుకున్నారు. చేతినిండా పని, మంచి పేరు.

1915లో ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ గురించిన చిన్న పుస్తకం ఆమె చేతికొచ్చింది. మెక్‌లారెన్ అప్పటి ఇండియాలో భాగమైన రావల్పిండిలో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి పెట్టించిన మనిషి. మగ డాక్టరు నాడి పట్టుకోవడానికి కూడా ఇళ్లల్లో ఒప్పుకోని రోజులవి. కాన్పు అడ్డం తిరిగితే తల్లీ బిడ్డా ఆ గదిలోనే పోవాల్సిందే. మరి సిస్టర్లు వైద్యం చేయొచ్చు కదా అంటే, చర్చి నియమాలు ఒప్పుకోవు. కాన్పులు చేయడం సన్యాసినులకు తగదన్న నిబంధన. దాన్ని మార్చమని రోమ్‌కు మొరపెట్టుకుంటూనే మెక్‌లారెన్ 1913లో చనిపోయారు.

అది చదివి గ్లౌరీ ఇండియాకు రావాలని నిశ్చయించుకున్నారు. కానీ వెంటనే పెట్టె సర్దుకోలేదు. 1919 నాటికి ప్రసూతి, స్త్రీ వ్యాధులు, కంటి వైద్యంలో ఎం.డి. చేశారు. అక్కడ ఏం అవసరమో తెలుసుకుని, ఆ చదువు చదివి మరీ బయల్దేరారు. నాకు ఆమెలో నచ్చేది ఇదే.

1920 ఫిబ్రవరి 12న గుంటూరులో దిగి జీసస్, మేరీ, జోసెఫ్ (జె.ఎం.జె.) అనే కన్యస్త్రీల సభలో చేరారు. చలిదేశపు మనిషి, మూడు నెలలు తిరిగేసరికి గుంటూరు మే నెల! పైగా మెడదాకా అంగీ, తలమీద ముసుగు. మన కడప ఎండల్లో యూనిఫాం ఉక్కపోస్తోందని అలిగే పిల్లలు ఒక్కసారి ఊహించుకోండి. మఠంలో చేరినా వైద్యం మానకుండా పోప్ 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతి ఇచ్చారు. మిగతా సిస్టర్లందరికీ ఆ తలుపు తెరుచుకోవడానికి 1936 దాకా పట్టింది.

గుంటూరులో చిన్న డిస్పెన్సరీ ఆమె చేతిలో సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. అయితే ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? అందుకే స్థానిక ఆడపిల్లలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, నర్సింగ్ నేర్పించారు. రాత్రి రెండింటికి గర్భిణీని ఆటోలో తెస్తే, డాక్టరు వచ్చేలోపు ఆమె బీపీ చూసేది, బిడ్డ గుండె చప్పుడు వినేది, భయపడకమ్మా అని చేయి పట్టుకునేది ఎవరు? మీరే. లేబర్ వార్డులో ఇన్నేళ్లు పనిచేశాను కాబట్టి చెబుతున్నా, ‘లేడీ డాక్టర్ ఉందా సిస్టర్?’ అని గుసగుసగా అడిగే తల్లులు ఇప్పటికీ వస్తారు. వందేళ్ల కిందట ఆ ప్రశ్నకు దాదాపు ఎక్కడా జవాబే లేదు.

1943లో ఆమె ఇంకో పని చేశారు. అది ఫొటోలకెక్కే పని కాదు, మీటింగులు, ఉత్తరాలు, లెక్కలు. ఎక్కడికక్కడ విడివిడిగా నడుస్తున్న క్యాథలిక్ ఆసుపత్రులను ఒక సంఘంగా కలిపారు. సికింద్రాబాద్ కేంద్రంగా అది నేటికీ పనిచేస్తోంది. డాక్టర్లను తయారుచేసే క్యాథలిక్ మెడికల్ కాలేజీ కూడా ఉండాలని ఆశపడ్డారు. బెంగళూరులో సెయింట్ జాన్స్ 1963లో మొదలైంది. అప్పటికి ఆమె లేరు. క్యాన్సర్‌తో 1957 మే 5న, 69వ ఏట, అదే బెంగళూరులో కన్నుమూశారు. గుంటూరు వచ్చాక మళ్లీ ఆస్ట్రేలియా ముఖం చూడలేదు. 2013లో చర్చి ఆమెను ‘దైవసేవకురాలు’గా ప్రకటించింది. పునీతురాలిగా గుర్తించే దారిలో అది తొలి మెట్టు.

మీరు అడగాల్సినవి ఉంటే అడగండి. పరీక్షలో వస్తుందా అని మాత్రం అడగొద్దు, సిలబస్‌లో లేదు.