ఇంగ్లీషులో 'అండి' ఎక్కడ పెట్టాలి?

నమస్కారం. తెలుగులో 'ఫైల్ పంపండి' అంటే మర్యాదగానే ఉంటుంది. ఆ మర్యాదంతా చివరి 'అండి'లో ఉంది. అదే మాటను 'సెండ్ మీ ది ఫైల్' అన్నామనుకోండి, అండి కాస్తా ఊడిపోయి 'ఫైల్ పంపు' మిగులుతుంది. ప్లీజ్ తగిలిస్తే కొంచెం మెత్తబడుతుంది గానీ, అది ఇంకా ఆర్డరే. ఇంగ్లీషులో మర్యాదను వాక్యం మొదట్లోనే పెట్టాలి: 'కుడ్ యు సెండ్ మీ ది ఫైల్?' చూడ్డానికి ప్రశ్న, చేసే పని రిక్వెస్ట్. ఇక్కడ 'కుడ్'కి గతకాలంతో సంబంధం లేదు. బాగా తెలిసినవాళ్లతో 'కెన్ యు' చాలు.

ఇక ప్రశ్నలు. మనం చివర దీర్ఘం తీస్తే చాలు, 'వచ్చాడు' కాస్తా 'వచ్చాడా' అయిపోతుంది. ఇంగ్లీషులో 'హి కేమ్' అన్నదాన్ని ప్రశ్న చేస్తే 'డిడ్ హి కమ్?' గతకాలాన్ని 'డిడ్' తీసేసుకుంది కాబట్టి 'కేమ్' మళ్లీ 'కమ్' అయింది.

అసలు తిప్పలు ఇక్కడి నుంచే. 'వేర్ ఈజ్ ది మీటింగ్?' బాగానే ఉంది. మర్యాదగా అడుగుదామని ముందు 'కుడ్ యు టెల్ మీ' చేర్చగానే చాలామంది 'కుడ్ యు టెల్ మీ వేర్ ఈజ్ ది మీటింగ్' అనేస్తారు. ప్రశ్న పని 'కుడ్ యు' దగ్గరే అయిపోయింది. తర్వాతి భాగం మామూలు వాక్యంలా నడవాలి: 'కుడ్ యు టెల్ మీ వేర్ ది మీటింగ్ ఈజ్?' అలాగే 'వెన్ డస్ ఇట్ స్టార్ట్?' అన్నది 'డు యు నో వెన్ ఇట్ స్టార్ట్స్?' అవుతుంది. 'డస్' పోయింది, దాని 'స్' వచ్చి స్టార్ట్‌కి అతుక్కుంది. మరి 'వచ్చాడో లేదో తెలుసా' అనాలంటే? 'డు యు నో ఇఫ్ హి కేమ్?' ఈ మూడూ పైకి చదవండి. చెవికి అలవాటైతేగానీ నోటికి రావు.

'వుడ్ యు మైండ్ వెయిటింగ్?' అని ఎవరైనా అడిగితే జాగ్రత్త. ఆగడానికి మీకు అభ్యంతరమా అని అడుగుతున్నారు. సాయం చేద్దామని 'ఎస్' అంటే, అభ్యంతరమే అన్నట్టు. 'నో, నాట్ ఎట్ ఆల్' అనండి, లేదా 'ష్యూర్'. మీరు అడిగేటప్పుడు 'టు వెయిట్' వద్దు, 'వెయిటింగ్' అనే అనాలి.

కమాండ్స్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దారి చెప్పేటప్పుడు 'టర్న్ లెఫ్ట్', ప్రమాదంలో 'స్టాప్!' అంతే. మంటలు లేస్తుంటే 'కుడ్ యు ప్లీజ్' అంటూ ఎవరూ నిలబడరు. ఒక్క 'యు హ్యాడ్ బెటర్' మాత్రం చూసి వాడండి. అందులో 'బెటర్' ఉందని సలహా అనుకుంటారు. వినేవాళ్లకు 'చెయ్యకపోతే నీకే ఇబ్బంది' అన్న హెచ్చరికలా తగులుతుంది.

ఈమెయిళ్లలో 'డూ ది నీడ్‌ఫుల్' అని రాస్తుంటారు. నాకైతే అస్సలు నచ్చదు. ఏం చెయ్యాలో అవతలివాళ్లే ఊహించుకోవాలా? 'కుడ్ యు సైన్ ది ఫామ్ బై ఫ్రైడే?' అంటే పనీ తెలుస్తుంది, గడువూ తెలుస్తుంది. 'టిల్ ఫ్రైడే' అనకండి. శుక్రవారం దాకా సంతకాలు పెడుతూనే ఉండమన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు వీడియో ఆపి 'వై డిడ్ షి లీవ్?' ముందు 'డు యు నో' చేర్చండి.

చేర్చారా? 'డు యు నో వై షి లెఫ్ట్?'