స్టీలు గ్లాసు, స్టీలు పొగ

శ్రోతలకు నమస్కారం.

వంటింట్లో స్టీలు గిన్నెల అడుగున 18/8 అని ముద్ర కనిపిస్తుంటుంది. నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ అన్నమాట. ఆ స్టీలు గ్లాసులో నిశ్చింతగా కాఫీ తాగండి. అదే స్టీలును గాజువాక ఆటోనగర్‌లో మెట్ల రెయిలింగ్ కోసం వెల్డింగ్ చేస్తుంటే మాత్రం సంగతి వేరు. ఆ వేడికి ఆవిరైన క్రోమియంలో కొంత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి హెక్సావలెంట్ క్రోమియం అనే విష రూపంగా మారుతుంది. ఇది దొంగలాంటిది. మన కణాలకు సల్ఫేట్ కావాలి, దానికోసం ఓ దారి ఉంచుకుంటాయి. ఈ క్రోమియం చూడ్డానికి అచ్చం సల్ఫేట్‌లాగే ఉంటుంది కాబట్టి అదే దారిన లోపలికి దూరిపోతుంది. దూరాక రూపు మార్చుకుని డీఎన్ఏని పాడుచేస్తుంది. పాడైనదాన్ని బాగుచేసుకునే నేర్పు కణానికి ఉంది, కానీ పొగలో వెంట వచ్చిన నికెల్ ఆ మరమ్మతుకే అడ్డుపడుతుంది. కాడ్మియం అనే ఇంకో లోహం పనీ అంతే. బీడీ, సిగరెట్ పొగలో అదీ ఉంటుంది. మూత్రపిండాల్లో చేరితే సగం పోవడానికే పదేళ్ల నుంచి ముప్ఫయ్యేళ్లు పడుతుంది. ఒక చేత్తో వెల్డింగ్ రాడ్డు, ఇంకో చేత్తో బీడీ పట్టుకునేవారు ఇది కాస్త వినాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో వెల్డింగ్ పొగను మనిషికి క్యాన్సర్ తెస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. ముఖ్యంగా ఊపిరితిత్తులకు. ఒక్క రోజు పొగతో ఆ క్యాన్సర్ రాదు, ఏళ్లు పడుతుంది. చిక్కంతా అక్కడే. ఇరవయ్యేళ్లప్పుడు పని నేర్చిన కుర్రాడికి యాభైలో దగ్గు పట్టుకుంటే, పొగ మాట ఎవరికి గుర్తొస్తుంది?

1948లో ‘జల ఉష’ ఓడను కట్టి నీళ్లలోకి దింపిన ఊరు మన విశాఖ. ఇనుముతో బతికే ఇళ్లు ఇక్కడ ఎన్నో. నల్లద్దం కాపాడేది కళ్లనే. మూతికి చుట్టిన తువ్వాలు ఈ సన్నటి రేణువులను ఆపలేదు, కనీసం ఎన్95 మాస్కు కావాలి. ఆరుబయట పనైతే సముద్రపు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, పొగ మొహానికి తగలకుండా పక్కకు పోయేలా కూర్చోండి. ఓడ ట్యాంకుల్లో ఆ గాలీ ఉండదు. పొగను బయటికి లాగే బ్లోయరు తిరగనిదే అక్కడ రాడ్డు ముట్టించకండి. టిఫిను తినేముందు చేతులు కడుక్కోవడం ఎలాగూ తప్పదు.

దగ్గు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. సిగరెట్ తాగుతారా అని ఆయన అడుగుతారు. ఏం పని చేస్తారని అడగకపోతే మీరే చెప్పండి: వెల్డింగ్ పని, స్టీలు మీద, ఇన్నేళ్లుగా అని.