కొండ ఖర్చు నాది, చందా బడిది

సభకు నమస్కారం. మారతహళ్ళి నుంచి ఈ హాలుకు రావడానికి గంటన్నర పట్టింది. మా ఊరి బడికి చందా కోసం ఎక్కిన ఆఫ్రికా కొండ, కిలిమంజారో మీద కూడా దాదాపు ఇదే స్పీడులో నడిచాను కాబట్టి కొత్తగా ఏమీ అనిపించలేదు.

నేను వెళ్తున్నానని తెలిసి మా బాబాయ్ ఒకటే అడిగారు. "ఒరేయ్, ఆ విమానం టికెట్ డబ్బులేవో బడికే ఇచ్చేస్తే పోలా? మధ్యలో ఈ కొండెందుకు?" న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ కూర్చున్న సగం మందికీ అదే సందేహం ఉండి ఉంటుంది.

ఏడాది ముందు మా ఊరి హైస్కూలు కోసం చందా అడిగితే వాట్సాప్ గ్రూపులో దణ్ణం బొమ్మలు వచ్చాయి. దణ్ణాలు పెట్టి ఇటుకలు కొనలేం కదా! అదే "5,895 మీటర్ల కొండ ఎక్కబోతున్నా" అనగానే పలకరించనివాళ్ళు కూడా ఫోన్ చేశారు. కాకపోతే మొదటిరోజే ఒక మాట చెప్పేశాను. టికెట్, పార్కు ఫీజు, గైడు, బూట్లు, అన్నీ నా జేబులోంచే. చందా డబ్బు వేరే ఖాతాలో. బాబాయ్ కూడా ఆ మాట విన్నాకే చెక్కు రాశారు.

ఇందులో నా తెలివితక్కువతనం ఒకటుంది, దాచను. ముందు కంప్యూటర్లు కొందామని కొటేషన్లు కూడా తెప్పించాను. హెడ్‌మిస్ట్రెస్ గారు ఓపిగ్గా విని, "ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్ళు లేవు సార్. ఇంటికెళ్ళేదాకా ఆపుకోవాలని పిల్లలు నీళ్ళు తాగడమే మానేస్తున్నారు" అన్నారు. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ షెర్పాలకు ఏం కావాలో వాళ్ళనే అడిగారు. బడి కావాలన్నారు. 1961లో నేపాల్‌లోని వాళ్ళ ఊరు ఖుమ్‌జుంగ్‌లో బడి లేచింది. ఆయన అడిగి కట్టారు, నేను అడక్కుండా కొటేషన్లు తెప్పించాను.

ప్రాక్టీసుకు వీపున పది కిలోల బియ్యం సంచి వేసుకుని మా అపార్ట్‌మెంట్ పద్నాలుగు అంతస్తులూ ఎక్కేవాణ్ణి. "లిఫ్ట్ కెట్టుహోగిదెయా సార్?" అని సెక్యూరిటీ అతను రోజూ అడిగేవాడు. లిఫ్టు బాగానే ఉందని చెప్పినా నమ్మేవాడు కాదు.

మామూలు దారుల్లో కిలిమంజారోకు తాళ్ళతో పని లేదు. ఇబ్బందంతా గాలితోనే. శిఖరం దగ్గర మనకు అందే ఆక్సిజన్ ఇక్కడితో పోలిస్తే దాదాపు సగమే. అందుకే గైడ్లు "పోలే పోలే" అంటూనే ఉంటారు, స్వాహిలీలో మెల్లగా మెల్లగా అని. నాలుగున్నర వేల మీటర్లు దాటి లావా టవర్ దాకా ఎక్కించి, అన్నం తిన్నాక మళ్ళీ కిందికి దించి పడుకోబెడతారు. శరీరానికి ఎత్తు అలవాటు చేయడానికన్నమాట. అక్కడ నాకు తల పగిలిపోయింది. సూప్ గిన్నె చేతిలో ఉంది, తాగాలని కూడా గుర్తు రాలేదు.

నా వీపున ఉన్నది ఆరు కిలోలు. పక్కనుంచి నెత్తిన మూట పెట్టుకుని ఈల వేస్తూ దాటిపోయిన పోర్టర్ కుర్రాడి బరువు మూట ఇరవై కిలోల దాకా ఉంటుంది. పార్కు నిబంధన ప్రకారం అంతకు మించి మోయించకూడదు. సేవ పేరు చెప్పి ఎక్కేవాళ్ళు దయచేసి చవక ప్యాకేజీల వెంట పడకండి. ఆ తగ్గింపు చాలాసార్లు వీళ్ళ కూలిలోంచే పోతుంది.

ఆఖరి రాత్రి బరాఫు క్యాంపు నుంచి బయల్దేరాం. బరాఫు అంటే మంచుగడ్డ, మన బరఫ్ లాంటి మాటే. వీపు సంచిలోంచి నీళ్ళు తాగే గొట్టం గడ్డకట్టింది. తెల్లారాక ఉహురు శిఖరం మీద, పిల్లలు పేర్లు రాసిచ్చిన గుడ్డ విప్పితే గాలికి మడత పడి ఫోటోలో సగం పేర్లే వచ్చాయి.

ఆ ఫోటో హెడ్‌మిస్ట్రెస్ గారికి పంపాను. "చాలా బాగుంది సార్. నీళ్ళ మోటారు ఎప్పుడొస్తుంది?" అని జవాబు వచ్చింది.

పోయిన గురువారం బిగించారు. బిల్లు ఈ ఫైల్లోనే ఉంది, ముందు వరుస నుంచి అలా చూసి వెనక్కి అందించండి.